తణుకు టు రాజమండ్రి, వయా ఇండోనేషియా

సాఫ్ట్‌వేరులో పనిచేసేవాడంటే మనవాళ్ళకి ఒక నమ్మకం. ప్లగ్గు పెట్టే వస్తువేదైనా వీడికి తెలిసే ఉంటుందని. నిజానికి డాలస్‌లో కూర్చుని నేను చేసేదల్లా క్లయింటు డేటాబేసులో ఒక టేబుల్లోంచి ఇంకో టేబుల్లోకి సరుకు తోలడం. లారీ ట్రాన్స్‌పోర్టు లాంటి ఉద్యోగం, కాకపోతే ఏసీ గదిలో. అయినా సరే, ఇంటికి ఫోన్ చేస్తే పెదనాన్నగారి ప్రింటరు, పక్కింటివాళ్ళ సెట్‌టాప్ బాక్సు, ఎవరిదో ఆధార్‌లో తప్పు పడిన పుట్టినరోజు, అన్నీ క్యూ కట్టి నా దగ్గరికే వస్తాయి. అందుకని 2023 ఎండాకాలంలో మా అక్క ఫోన్ చేసి, "ఒరే చిన్నోడా, నువ్వైనా చెప్పరా వాడికి. రాత్రి రెండింటిదాకా గది తలుపేసుకుని 'గయ్స్ గయ్స్' అని అరుస్తున్నాడు. ఎవర్రా ఈ గయ్సు అంటే చెప్పడు" అన్నప్పుడు నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు.

వాడంటే మా మేనల్లుడు. అప్పటికి ఇంటర్ అయిపోయి ఇంజనీరింగులో చేరబోతున్నాడు. మా బావగారికి తణుకులో ఎరువుల కొట్టు. ఆయన వాదన చాలా సింపుల్. "చదువుకుంటే చదువుకోమను. లేదంటే కొట్లో కూర్చోమను. మధ్యలో ఈ మూడోదేవిటయ్యా?"

మూడోది యూట్యూబ్ ఛానెల్. గేములు ఆడుతూ తెలుగులో మాట్లాడే ఛానెల్. మావాడు నాకు విడిగా వాట్సాప్‌లో పెట్టిన మెసేజి ఇంకా సింపుల్. "మావయ్యా, నువ్వు కంప్యూటర్స్‌లో ఎమ్మెస్ చేశావు కదా. ఆల్గారిథమ్ ఎలా పనిచేస్తుందో చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటా."

నేను చదివిన ఆల్గారిథమ్స్ వేరురా బాబూ, అవి ఒక ఊర్నుంచి ఇంకో ఊరికి దగ్గర దారి కనుక్కోడానికి తప్ప సబ్‌స్క్రైబర్లని కనుక్కోడానికి పనికిరావు అని చెబుదామనుకున్నా. చెప్పలేదు. ఎందుకంటే నేనూ ఇంజనీరింగ్ హాస్టల్లో ల్యాన్ వైర్లు కిటికీల్లోంచి లాగి, తెల్లారేదాకా ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడినవాణ్ణే. మన దగ్గర ఆ గేము మీద సగం రాత్రులు తగలేసి, మిగతా సగం రాత్రుల్లో సబ్జెక్టులు పాసై, అమెరికా వచ్చి, టై కట్టుకున్న వాళ్ళు ఎంతమందో మీకూ తెలుసు. వాడికి నీతులు చెప్పే మొహం నాకెక్కడిది?

సరే, ఒక ఒప్పందం చేసుకున్నాం. వాడి ఛానెల్ లెక్కలు నేను చూసేలా యూట్యూబ్ స్టూడియోలో నాకు "చూసేవాడి" హోదా ఇస్తాడు. చూడ్డమే, ముట్టుకోవడం కుదరదు. ప్రతి ఆదివారం నాకు పొద్దున, వాడికి రాత్రి, అరగంట మాట్లాడుకుంటాం. దానికి బదులు కాలేజీ ఉన్న రోజుల్లో పదకొండు దాటాక గదిలోంచి "గయ్స్" వినపడకూడదు. అక్క దీనికి ఒప్పుకుంది. బావగారు ఒప్పుకోలేదు గానీ కాదనీ అనలేదు.

ఇక లెక్కల దగ్గరికొద్దాం. మావాడి ఛానెల్‌కి అప్పటికే పదకొండొందల పైచిలుకు సబ్‌స్క్రైబర్లు! నేను నిజంగానే మురిసిపోయా. తర్వాత వీడియోలు చూస్తే ఒక్కోదానికి ముప్ఫై, నలభై వ్యూస్. పదకొండొందల మంది పెళ్ళికొస్తామని చెప్పి పంతులుగారూ బాజాలవాళ్ళూ మాత్రమే వచ్చినట్టు. ఇదేంట్రా అని నిలదీస్తే తెలిసింది, "నువ్వు నాకు చెయ్యి, నేను నీకు చేస్తా" అనే వాట్సాప్ గ్రూపులు ఉంటాయట. అందరూ ఛానెల్ ఉన్నవాళ్ళే, చూసేవాడు ఒక్కడూ లేడు. యూట్యూబ్ నిబంధనల ప్రకారం అలా ఇచ్చిపుచ్చుకోవడం తప్పు కూడాను. తప్పు సంగతి అలా ఉంచండి, దానివల్ల లాభమూ లేదు. ఆ సైటు 2012 నుంచీ ఎన్నిసార్లు నొక్కారు అనేదానికన్నా ఎంతసేపు చూశారు అనేదానికే ఎక్కువ విలువిస్తోంది. కొత్త వీడియో ముందుగా కనపడే మనుషుల్లో ఈ గ్రూపువాళ్ళే ఉండి, వాళ్ళలో ఎవడూ నొక్కకపోతే, దాన్ని ముక్కూమొహం తెలియని ఇంకొకడికి చూపించాలని ఆ యంత్రానికి మాత్రం ఎందుకనిపిస్తుంది?

డబ్బుల సంగతి కూడా అంతే. 2018 నుంచి ఉన్న లెక్క ఏంటంటే ప్రకటనల్లో వాటా కావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు గడిచిన పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణం ఉండాలి. (2023లో చిన్న ఛానెళ్ళ కోసం 500 మందితో ఒక కింది మెట్టు పెట్టారు గానీ, ప్రకటనల డబ్బులకి మాత్రం పాత లెక్కే. పొట్టి వీడియోలతో రావాలంటే తొంభై రోజుల్లో కోటి వ్యూస్.) మావాడు వెయ్యి అన్న ముక్క పట్టుకున్నాడు, 4,000 అన్న ముక్క వదిలేశాడు. పది నిమిషాల వీడియోని ఒక్కొక్కరు సగటున నాలుగు నిమిషాలు చూశారనుకోండి, 4,000 గంటలకి అరవై వేల వ్యూస్ కావాలి. ముప్ఫై చొప్పున వస్తే రెండు వేల వీడియోలు. "రోజుకొకటి చేస్తే అయిదున్నరేళ్ళు, కాని ఏడాది దాటిన గంటలు లెక్కలోంచి పోతూ ఉంటాయి, కాబట్టి ఎప్పటికీ అవదు" అన్నాను. ఫోనులో కాసేపు సౌండు లేదు.

తర్వాత వారం వీడియోలు చూడ్డం మొదలెట్టాను. మొదటి పద్దెనిమిది సెకన్లు మంటల్లోంచి వాడి ఛానెల్ పేరు బయటికి రావడం. ఆ తర్వాత "హాయ్ గయ్స్ వెల్కమ్ బ్యాక్ టు మై ఛానెల్", లైకు, షేరు, సబ్‌స్క్రైబు, గంట బొమ్మ. అసలు ఆట మొదలయ్యేసరికి నిమిషం దాటిపోతుంది. జనం ఎక్కడ లేచి వెళ్ళిపోతున్నారో చూపించే గీత ఒకటి ఉంటుంది స్టూడియోలో. అది చూస్తే ధవళేశ్వరం ఆనకట్ట మీంచి నీళ్ళు కింద పడ్డట్టుంది. పైగా మాట ఒకటి. హిందీలో పేరున్న ఆటగాళ్ళని చూసి నేర్చుకున్నట్టున్నాడు, ప్రతి మూడో మాటా "భాయ్"! తణుకులో పుట్టి పెరిగినవాడు, ఇంట్లో "ఆయ్, వస్తన్నానండి" అనేవాడు, మైకు ముందు కూర్చోగానే ఏ ఊరివాడో తెలియకుండా అయిపోతున్నాడు.

లైవుల కథ వేరే. రాత్రి ఎనిమిదికి మొదలెట్టి రెండింటిదాకా ఆడితే చూసేవాళ్ళు నలుగురు. అందులో ఇద్దరు వాడి ఫ్రెండ్సు, ఒకటి వాడి రెండో ఫోను. ఖాళీ హోటల్లోకి ఎవరూ అడుగుపెట్టరు కదండీ. ఆటల ప్రత్యక్ష ప్రసారాలకే పుట్టిన ట్విచ్ లాంటి చోట్ల కూడా మామూలుగా జాబితా పైన కనపడేది ఎక్కువమంది చూస్తున్నవాళ్ళే. సున్నా ఉన్నవాడు సున్నా ఉన్నాడు కాబట్టే కింద ఉంటాడు, కింద ఉన్నాడు కాబట్టే సున్నాలో ఉంటాడు. లైవన్నది ఉన్న జనాన్ని నిలుపుకోడానికి పనికొస్తుంది, లేని జనాన్ని తీసుకురాదు అని నాకు అనిపించింది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆట ఎంపిక ఒక ఎత్తు. వాడు మొదలెట్టింది 2020 లాక్‌డౌన్లో, పబ్‌జీతో. ఆ ఏడాది సెప్టెంబరు 2న కేంద్రం ఎత్తేసిన 118 యాప్‌లలో పబ్‌జీ కూడా ఉంది. సరే అని ఫ్రీ ఫైర్‌కి మారాడు. 2022 ఫిబ్రవరిలో అదీ పోయింది. బీజీఎంఐకి వచ్చాడు. అది 2022 జూలై ఆఖర్లో మాయమై, 2023 మేలో మళ్ళీ వచ్చింది. మూడేళ్ళలో మూడు పంటలు మునిగాయి. కౌలు రైతుకి కనీసం భూమి ఎవరిదో తెలుసు, ఎప్పుడు లెమ్మంటారో ఒక అంచనా ఉంటుంది. వీడికి ఆటా వాడిది కాదు, ఆడే వేదికా వాడిది కాదు. ఈ మాట బావగారితో అంటే "మరదే కదా నేను మొదట్నుంచీ చెబుతున్నది" అన్నారు. నేను ఎవరి తరఫున మాట్లాడుతున్నానో నాకే అనుమానం వచ్చింది.

అసలు విషయం ఒక ఆదివారం పొద్దున బయటపడింది. కాఫీ తాగుతూ వీడియోలన్నిటినీ గత నెల వ్యూస్ ప్రకారం పేర్చి చూస్తున్నా. పైన ఉండాల్సినవి కొత్తవి కదా? కాదు. పైన ఉన్నది ఏడాది కిందట పెట్టిన ఏడు నిమిషాల ముక్క. దానికి థంబ్‌నెయిల్ లేదు, మంటలు లేవు, "హాయ్ గయ్స్" కూడా లేదు. రోజుకి ఇరవై ముప్ఫైమంది, ఆగకుండా, ఎవరూ తోయకుండా, వెతుక్కుని మరీ వచ్చి చూస్తున్నారు. ఏంటా అని తెరిచా.

బస్సు సిమ్యులేటర్ ఇండోనేషియా అని ఒక ఫోన్ ఆట. మలేయో అనే ఇండోనేషియా సంస్థ 2017లో తెచ్చింది. బస్సు నడపడమే, ఇంకేం లేదు. చంపుకోడాలు లేవు. కాకపోతే బస్సుకి మనకి నచ్చిన రంగులు వేసుకోవచ్చు, బస్సునే మార్చుకోవచ్చు. ఎవరో మన కుర్రాళ్ళు ఆర్టీసీ పల్లెవెలుగు రంగులు తయారుచేసి పెట్టారు. మావాడు ఫ్రెండు కోసం సరదాగా ఆ బస్సేసుకుని నడుపుతూ, "రావులపాలెం, రావులపాలెం, ముందుకి జరగండమ్మా" అని కండక్టరులా అరిచాడు. అంతే వీడియో. ఇండోనేషియాలో కూడా మనలాగే రోడ్డుకి ఎడమ పక్కనే నడుపుతారు. చుట్టూ వరిచేలూ కొబ్బరిచెట్లూ. బోర్డుల మీద రాతలు కనపడకపోతే కోనసీమే.

"ఇది చెయ్యి" అన్నాను.

"అది పిల్లల గేమ్ మావయ్యా. మా కాలేజీలో పరువు పోద్ది."

ఇక్కడ మాకు రెండు నెలలు పడింది. నేను నా వృత్తి భాషలో చెప్పి చూశాను. బీజీఎంఐ ఆడుతూ తెలుగులో మాట్లాడేవాళ్ళలో నీకన్నా బాగా ఆడేవాళ్ళు, నీకన్నా ఖరీదైన ఫోన్లున్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. అక్కడ నువ్వు వందో కొట్టువి. ఆర్టీసీ బస్సు కోసం వెతికేవాళ్ళు తక్కువమందే కావచ్చు, కానీ వాళ్ళకి సరుకమ్మే కొట్టే లేదు. వాడు వినలేదు. ఎరువుల వ్యాపారం చేసేవాడి కొడుక్కి నేను కొట్టు సంగతులు చెప్పడమేంటో! చివరికి దసరా సెలవుల్లో, నా పోరు పడలేక, "తణుకు నుంచి రాజమండ్రి, పల్లెవెలుగు" అని ఒక ఇరవై నిమిషాల వీడియో చేశాడు. పెరవలి, సిద్ధాంతం, రావులపాలెం, జొన్నాడ, వేమగిరి, ప్రతి స్టేజీ పేరూ పిలుస్తూ. రోడ్డు జావాది, స్టేజీలు గోదావరివి. మొదటి మాటే "ఎక్కండెక్కండి, చిల్లర తీసి ఉంచుకోండి". మంటలు తీసేశాడు.

ఆ వీడియో కింద వచ్చిన వ్యాఖ్యలు చదువుతూ ఆ రోజు నేను స్టాండప్ మీటింగు మర్చిపోయాను. జనం ఆట గురించి మాట్లాడ్డంలేదు. పల్లెవెలుగు సిద్ధాంతం బ్రిడ్జికి ఇవతల ఆగుతుందా అవతల ఆగుతుందా అని కొట్టుకుంటున్నారు. రావులపాలెంలో అరటి గెలలవాళ్ళు ఎక్కకుండా బస్సెలా కదిలిందని ఒకాయన. చిల్లర లేకపోతే టిక్కెట్టు వెనక రాసివ్వాలిగా, రాసివ్వలేదేం అని ఒకావిడ. పాలకొల్లు రూటు ఎప్పుడు, అమలాపురం రూటు ఎప్పుడు, మా ఏలూరు ఏం పాపం చేసింది? మావాడు ప్రతి ఒక్కరికీ జవాబిచ్చాడు, తర్వాతి వీడియోలో వాళ్ళ మాట పెట్టాడు. అరటి గెలలు ఎక్కించే వసతి ఆటలో లేదు కాబట్టి నోటితోనే ఎక్కించాడు, "గెల పైన పెట్టండి బాబాయ్, కాళ్ళ దగ్గరొద్దు" అని. భాయ్ ఎటుపోయాడో గానీ, బాబాయ్ వచ్చాడు.

2024 ఫిబ్రవరికల్లా 4,000 గంటలు దాటాయి. సబ్‌స్క్రైబర్లు మూడు వేలు. గ్రూపు బాపతు వాళ్ళు చాలామంది ఎటో పోయారు, పోతే పోయారు.

నన్ను ఆపేసింది మాత్రం దేశాల లెక్క. ఇండియా మొదటిది, అది సరే. రెండోది అమెరికా అయి ఉంటుందనుకున్నా, మనవాళ్ళు ఇంతమంది ఉన్నాం కదా అని. కాదు. కువైట్. తర్వాత సౌదీ, ఖతార్. మేం నాలుగో అయిదో ఎక్కడో ఉన్నాం. గోదావరి జిల్లాల నుంచీ కడప వైపు నుంచీ గల్ఫుకి వెళ్ళినవాళ్ళ సంగతి వినడమే గానీ, నా లెక్కల్లో వాళ్ళు ఇలా ఒక గడిగా కనపడతారని అనుకోలేదు. ఒకాయన రాశాడు: "తమ్ముడూ, నేనిక్కడ హెవీ డ్రైవర్ని. పగలంతా నా బండి, రాత్రి నీ బండెక్కుతున్నా. గోదావరి బ్రిడ్జి దాటి ఆరేళ్ళయింది." నేను బ్రిడ్జి దాటి మూడేళ్ళే అయింది, అదీ ఏసీ ఇన్నోవాలో. డాలస్‌లో అందరం ఒకరికొకరం కనపడుతూ, ప్రవాసం అంటే మనమే అన్నట్టు మాట్లాడుకుంటాం కదా. ఆ పట్టిక చూశాక ఆ మాట వాడ్డానికి నాకు కొంచెం మొహమాటంగా ఉంటోంది.

కన్సల్టెంటు బుద్ధి పోదుగా, దాంట్లోంచీ ఒక పని పీకాను. మావాడు ఆదివారం పొద్దున వీడియో పెట్టేవాడు, సెలవని. కువైట్, సౌదీ, ఖతార్‌లలో వారాంతం శుక్ర, శనివారాలు. ఆదివారం వాళ్ళకి పని రోజు. గురువారం రాత్రి మన టైము తొమ్మిదిన్నరకి పెడితే కువైట్‌లో ఏడవుతుంది, డ్యూటీ దిగి గదికొచ్చే వేళ. ఆ ఒక్క మార్పుతో మొదటిరోజు చూసేవాళ్ళు రెట్టింపుకి దగ్గరయ్యారు. నేనిచ్చిన సలహాల్లో పనిచేసింది ఇది, ఆ మంటలు తీయించడం. మిగతావన్నీ వాడి నోటి చలవే.

మధ్యలో పాటల గొడవ ఒకటి. బస్సన్నాక పాటలుండాలి కదా అని వెనకాల సినిమా పాటలు పెట్టాడు. యూట్యూబ్ దగ్గర పాటని పసిగట్టే ఏర్పాటు ఉంది, హక్కులున్నవాళ్ళు ఆ వీడియో మీద వచ్చే ప్రకటనల డబ్బు తమకే వచ్చేలా పెట్టుకోవచ్చు. రెండు వీడియోల డబ్బు అలా పాటల కంపెనీ ఖాతాలోకి పోయింది. న్యాయమే, పాట వాళ్ళది. కానీ పాటలు తీసేస్తే "ఇదేం బస్సయ్యా, అంబులెన్సా?" అని జనం. ఇప్పుడు డ్రైవరుకీ కండక్టరుకీ మధ్య కబుర్లు పెడుతున్నాడు, రెండు గొంతులూ వాడివే. కలెక్షన్ తక్కువైందనీ, డిపో మేనేజరు లీవు ఇవ్వలేదనీ. నాకవి పాటలకన్నా బాగున్నాయి.

డబ్బుల విషయానికొస్తే, మావాడికి ఎవరో చెప్పారట, అమెరికా అకౌంటైతే గూగుల్ ఎక్కువిస్తుందని. "మావయ్యా, నీ పేరు మీద పెట్టేద్దాం." రెండు కారణాలు చెప్పాను. ఒకటి, ప్రకటన రేటు ఛానెలువాడు ఎక్కడ కూర్చున్నాడన్నదాన్నిబట్టి ఉండదు, చూసేవాడు ఎక్కడ కూర్చున్నాడన్నదాన్నిబట్టి ఉంటుంది. నీ కువైట్ అన్న వల్ల వచ్చేది నీ పేరు మీదున్నా వస్తుంది, నా పేరు మీదున్నా అంతే వస్తుంది. రెండు, నేనున్నది హెచ్ వన్ బీ మీద. నన్ను తెచ్చుకున్న కంపెనీకి తప్ప ఇంకోచోట పనిచేసి సంపాదించకూడదు. పదమూడేళ్ళుగా ఈ దేశంలో పన్ను కడుతున్నా, గ్రీన్‌కార్డు లైన్లో నిలబడ్డా, పల్లెవెలుగు బస్సు మీద వంద డాలర్లు రావడం నాకు నిషిద్ధం. వాడికిది జోకులా వినపడింది. "అంటే మావయ్యా, నీకన్నా నాకే స్వేచ్ఛ ఎక్కువా?" అన్నాడు. ఈ ఒక్క విషయంలో, అన్నాను.

కాబట్టి వాడి పేరు మీదే. అక్కడ తమాషా ఏంటంటే, అమెరికాలో అడుగుపెట్టని మావాడు అమెరికా పన్ను ఫారం నింపాల్సొచ్చింది. 2021 నుంచీ అమెరికాలో చూసినవాళ్ళ వల్ల వచ్చిన భాగం మీద పన్ను పట్టుకుంటున్నారు. మన దేశంతో ఉన్న ఒప్పందం వల్ల పాన్ నంబరిచ్చి ఫారం నింపితే 15 శాతంతో పోతుంది. నింపకపోతే మొత్తం సంపాదన మీదే కోత పడొచ్చు. ఈ ఫారాలు నాకు కొట్టిన పిండి. ఎమ్మెస్ చదువు మొత్తంలో మావాడికి సూటిగా ఉపయోగపడింది ఏదైనా ఉందంటే ఇదే, ఇది సిలబస్‌లో కూడా లేదు.

ఖాతాలో పది డాలర్లు చేరగానే గూగుల్‌వాళ్ళు అడ్రసు నిజమేనా అని చూడ్డానికి ఒక అంకె రాసిన ఉత్తరం పోస్టులో పంపుతారు. అది వచ్చేసరికి మావాడు కాలేజీలో ఉన్నాడు, పోస్ట్‌మాన్ కొట్లో ఇచ్చాడు. బావగారు చించి చూసి నాకు ఫోన్ చేశారు, నాకు అర్ధరాత్రి అని కూడా చూడకుండా. "ఏవయ్యా, గూగుల్‌వాళ్ళు మన తణుక్కి ఉత్తరం రాశారేంటి? ఏవైనా కేసా?" వివరం చెప్పాక కాసేపు ఆగి, "దీన్ని పారేయకూడదు కదా" అన్నారు. పారేయకూడదు, నాలుగు నెలల్లో అంకె కొట్టకపోతే ప్రకటనలు ఆపేస్తారు. గల్లాపెట్టెలో లక్ష్మీదేవి పటం పక్కన పెట్టారని అక్క చెప్పింది.

వంద డాలర్లు దాటితేగానీ చేతికివ్వరు. మావాడి మొదటి వంద నిండడానికి తొమ్మిది నెలలు పట్టింది. 2024 నవంబరులో రూపాయల్లో ఎనిమిది వేల ఏడొందలు బ్యాంకులో పడ్డాయి. వాడు వాళ్ళమ్మకి మిక్సీ కొన్నాడు. బావగారు ఏమీ అనలేదు. మూడో సెమిస్టర్లో ఒక సబ్జెక్టు పోయిందన్న సంగతి ఆయనకి అప్పటికే తెలుసు మరి.

ఇదంతా సరదాగా చెప్పుకుపోతున్నాను గానీ, 2025 జనవరిలో వచ్చిన మెసేజి సరదా కాదు. టెలిగ్రామ్‌లో ఎవరో "మార్కెటింగ్ మేనేజరు" అట. మూడు వీడియోల కింద ఒక యాప్ లింకు పెట్టి, మొదట్లో పదిహేను సెకన్లు ఒక మాట చెబితే ముప్ఫై వేలు. యాప్ ఏంటంటే రంగులు చెప్పి డబ్బులు పందెం కాసేది. తొమ్మిది నెలలకి వచ్చినదానికి మూడింతలు, నలభై అయిదు సెకన్లకి. నాకు స్క్రీన్‌షాట్ పంపి కింద ఏమీ రాయలేదు. అడగడం ఇష్టంలేకే రాయలేదని నాకు అర్థమైంది.

ఫోన్ చేసి వద్దన్నాను. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రాలో 2020 నుంచి డబ్బు పెట్టి ఆడే ఆటలు నేరం అని చెప్పాను. వాడు నెమ్మదిగానే అన్నాడు. "అందరూ చేస్తున్నారు మావయ్యా. పెద్ద పెద్ద యాక్టర్లే చేస్తున్నారు. నీకు నెల తిరిగేసరికి డాలర్లొస్తాయి. నీకు తేలిక." నిజమే, నాకు తేలికే. వాడి కాలేజీ ఫీజు బాకీ ఎంతో, ఆ ఏడాది కొట్లో అరువులు ఎంత పేరుకున్నాయో నాకు తర్వాత అక్క చెబితే తెలిసింది. దానికి నా దగ్గర జవాబు లేదు. చట్టం సెక్షన్లు చెప్పినంత మాత్రాన ఆ మాటకి జవాబైపోదు కదా.

జవాబు బావగారి దగ్గరుంది. అక్క ద్వారా తెలిసి, ఆయన రాత్రి కొట్టు కట్టేసి వచ్చి కొడుకు గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నారట. ఎప్పుడూ ఆ గదిలోకి వెళ్ళని మనిషి. ఒక రైతు గురించి చెప్పారు. పేరు చెబితే వాడికీ తెలిసిన ఇల్లే. ఎరువుల బాకీ కట్టమని కొడుకు చేతికి డబ్బిచ్చి పంపితే, ఆ కుర్రాడు దాన్ని ఫోన్లో ఇలాంటి యాప్‌లోనే పోగొట్టి, కట్టేశానని ఇంట్లో చెప్పాడు. రెండు పంటల తర్వాత బావగారు బాకీ అడిగితేగానీ బయటపడలేదు. "ఆయన నా కొట్టు ముందు నిలబడ్డాడు. నేనేం అడగను? ఆ కాగితం చింపేశా" అన్నారట. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు, అక్కకి కూడా. తర్వాత అడిగారట, "నిన్ను ఎంతమంది చూస్తున్నార్రా?" ఎనిమిది వేలన్నాడు వీడు. "ఎనిమిది వేల మందా! మన ఊరి తీర్థానికి రారు అంతమంది." లేచి వెళ్ళిపోయారు. చెయ్యమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు.

మావాడు రెండు రోజులు ఆగి ఆ టెలిగ్రామ్ ఖాతాని బ్లాక్ చేశాడు. నాకు మాత్రం ఇంకో కారణం చెప్పాడు, కువైట్ డ్రైవరు అన్న నొక్కితే ఎలా అని. రెండూ నిజమే అయి ఉండొచ్చు. 2025 మార్చిలో హైదరాబాదులో పోలీసులు బెట్టింగు యాప్‌లకి ప్రచారం చేసిన సినిమావాళ్ళ మీదా యూట్యూబర్ల మీదా కేసులు పెట్టారు. ఆగస్టులో కేంద్రమే డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్నీ, వాటి ప్రకటనల్నీ నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ వార్తల లింకులు వాడే నాకు పంపాడు, ఈసారి కూడా కింద ఏమీ రాయకుండా.

ఇప్పుడు ఛానెల్ పదకొండు వేల దగ్గర ఆగింది. కొన్ని వారాలు పెరుగుతుంది, కొన్ని వారాలు తరుగుతుంది. నెలకి వచ్చేది ఫోను బిల్లుకీ పెట్రోలుకీ సరిపోతుంది, కొంచెం మిగులుతుంది. ఇదే బతుకుతెరువు అవుతుందా అంటే నా లెక్కల ప్రకారం కాదు. ఆ మాట వాడికీ చెప్పాను. కానీ వీడియో ఎడిటింగ్ చూసి ఊళ్ళో ఇద్దరు ఫంక్షన్ హాళ్ళవాళ్ళు ప్రకటనలు చేయించుకున్నారు. పోయిన సబ్జెక్టు రెండో ప్రయత్నంలో పాసయ్యాడు. వాడికి ఇప్పుడు యూరో ట్రక్ సిమ్యులేటర్ మీద కన్ను పడింది, దానికి మంచి కంప్యూటరు కావాలి. బావగారు "ఫైనలియర్ మార్కులు చూసి ఆలోచిద్దాం" అన్నారట. "ఈ మూడోదేవిటి" అన్న మనిషి నోటి నుంచి ఇది వచ్చిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు, అక్క చేత రెండుసార్లు చెప్పించుకున్నా.

ఈసారి ఇండియా వెళ్ళేటప్పుడు ఒక మైకు తెమ్మన్నాడు. చూస్తే ఇక్కడా అక్కడా ధర ఒకటే, అక్కడే కొనుక్కోరా అంటే వినడు, మావయ్య తెచ్చిందైతే వేరట. సూట్‌కేసులో అక్క అడిగిన బాదంపప్పు, పెదనాన్నగారి కీళ్ళ మాత్రలు, పిల్లల చాక్లెట్లు పోగా మూడు పౌన్లు మిగిలాయి. మైకు డబ్బా రెండున్నర. కాకపోతే మైకు నిలబెట్టే ఇనప కడ్డీ కూడా కావాలంటున్నాడు, అదొక్కటీ నాలుగు పౌన్లుంది. మా ఆవిడ చాక్లెట్లు తగ్గించనంటోంది.